ఎన్నికను చదవడం, 4వ పాఠం: కత్తెర ఎవరి చేతిలో?

ఒకే పార్టీ ఉన్న తూర్పు ఆఫ్రికా దేశం టాంజానియాలో ఎన్నిక నిజమైన పోటీయేనా? పోయిన పాఠంలోని ఈ ప్రశ్నకి వచ్చిన జవాబుల్లో ఎక్కువమందిది ఒకటే మాట: "1965లో టాంజానియాలో ఒక్కో స్థానానికి ఇద్దరేసి పోటీ చేశారు కాబట్టి పార్టీలో ప్రజాస్వామ్యం ఉంది." మిగతావాళ్లది: "ఉన్నదే ఒక పార్టీ, అంతా నాటకం." రెండింటికీ మార్కులు వేయలేదు. అందుకే ఇవాళ్టి చైనా పాఠం వాయిదా. దాని బదులు చూసేది ఒక్కటే: బ్యాలెట్ ఎక్కకముందే పేర్లు కొట్టేసే కత్తెర ఎవరి చేతిలో ఉందో. ఏకపార్టీ వ్యవస్థ అంటే ఏమిటో మాత్రం మళ్లీ చెప్పను.

మన విశాఖ కార్పొరేషన్‌లో 98 వార్డులు. టికెట్ దక్కనివాడు రెబల్‌గా నామినేషన్ వేస్తాడు. బి-ఫారం పార్టీదే, నిలబడే హక్కు మాత్రం పార్టీది కాదు. టాంజానియాలో ఆ దారి మూసేశారు. పాలక పార్టీ 'టాను' సభ్యుడే నిలబడాలి. జిల్లా సమావేశంలో ప్రతినిధులు ఆశావహులకు ఓట్లేసి వరుస తేల్చేవారు. ఆ జాబితాలోంచి ఇద్దర్ని ఖరారు చేసేది జాతీయ కార్యవర్గం. మామూలుగా మొదటి ఇద్దరికే దక్కేది, కానీ మార్చే అధికారం ఆ కార్యవర్గానికి ఉండేది. ఒకరికి పార గుర్తు, ఇంకొకరికి ఇల్లు. నాటకమే అయితే ఆర్థికమంత్రి పాల్ బొమానీ ఎలా ఓడిపోయారు? ఓటరు మంత్రిని దించగలిగాడు, మూడో పేరు మాత్రం చేర్చలేకపోయాడు. అధ్యక్ష పదవికైతే అప్పటి అధ్యక్షుడు నైరేరే ఒక్కరే, అవునా కాదా అని ఓటు.

నాకు ఒళ్లు మండేది అభ్యర్థుల్ని లెక్కపెట్టి ఆగిపోయేవాళ్లతోనే. 1988లో కెన్యా చూడండి. అక్కడి పాలక పార్టీ 'కాను' అభ్యర్థుల ఎంపికలో పోటీదారులకు కొదవలేదు, ఎంచుకునేదీ సభ్యులే. కానీ ఆ ఎంపికలో రహస్య ఓటు లేదు. నచ్చినవాడి వెనక లైన్లో నిలబడాలి. మీ వీధి పెద్ద ఎదురుగా ఉండి చూస్తుంటే మీరు ఏ లైన్లోకి వెళ్తారు? పైగా లైన్లలో నిలబడ్డవాళ్లలో 70 శాతం దాటినవాడు గెలిచేసినట్టే, ఇక అసలు ఎన్నికలోని రహస్య బ్యాలెట్ దాకా వెళ్లే పనే లేదు. లెక్కలో నలుగురున్నా పదిమందున్నా ఒరిగేదేముంది?

నేను అభ్యర్థుల జాబితా చేతికి రాగానే కింది నుంచి పైకి చదువుతాను. పేరు ఎక్కడెక్కడ ఎగిరిపోవచ్చో అక్కడ ఎర్రగీత గీస్తాను. పోలింగ్ రోజు చివర్న చూస్తాను, ఒక్కోసారి చూడను కూడా.

అభ్యాసం: 2021లో వియత్నాం జాతీయ సభకు 500 స్థానాలకు 868 మంది నిలబడ్డారు. 2023లో క్యూబాలో 470 స్థానాలకు 470 మంది. రెండుచోట్లా పేరు పుట్టిన దగ్గర్నుంచి బ్యాలెట్ ఎక్కేదాకా దారి గీయండి, కత్తెర పడేచోట్లు గుర్తించండి. ఒక్క పేజీ. 'ప్రజాస్వామ్యం' అన్న మాట వాడకూడదు. ద్వారకానగర్ లైబ్రరీ బ్యాచ్ వాళ్లు ఒకరిది ఒకరు దించకండి. పోయినసారి అక్షరదోషాలు కూడా ఒకేలా వచ్చాయి.