ప్రజారోగ్య కార్యక్రమాల్లో ఎం అండ్ ఈ ఉద్యోగానికి దరఖాస్తు ఎలా చేయాలి?

పల్స్ పోలియోలో ఎంతమంది పిల్లలకు చుక్కలు పడ్డాయి? బోదకాలు మాత్రలు ఎంతమంది నిజంగా మింగారు? ఏ వాడ మిగిలిపోయింది? ఈ లెక్కలు కట్టి, అవి నిజమో కాదో ఊళ్లోకి వెళ్లి సరిచూసే పనే పర్యవేక్షణ, మూల్యాంకనం. ఆఫీసుల్లో దీన్ని ఎం అండ్ ఈ (మానిటరింగ్ అండ్ ఇవాల్యుయేషన్) అంటారు. ఈ ఉద్యోగాలకు వచ్చే చాలా దరఖాస్తుల్లో డిగ్రీలు, సాఫ్ట్‌వేర్ల పేర్లు దండిగా ఉంటాయి. ఒక అంకెను అనుమానించి, మూలం దాకా వెళ్లి సరిచేయగలరన్న ఆధారమే కనిపించదు. మీ దరఖాస్తు ఆ ఆధారాన్ని చూపాలి.

ముందు ఏ దారో తేల్చుకోండి

దారులు రెండు. మొదటిది ప్రభుత్వం. జాతీయ ఆరోగ్య మిషన్ కింద జిల్లాల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ పోస్టులు వస్తుంటాయి. నోటిఫికేషన్ జిల్లా వెబ్‌సైట్‌లో పెడతారు, దరఖాస్తు తరచూ డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య, ఆరోగ్య అధికారి) కార్యాలయానికి చేరాలి. రెండోది యూనిసెఫ్, డబ్ల్యూహెచ్‌ఓ వంటి సంస్థలు, ప్రభుత్వానికి సాంకేతిక సాయం చేసే స్వచ్ఛంద సంస్థలు. యూనిసెఫ్‌కు రెండు తెలుగు రాష్ట్రాల పని చూసే కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది.

వెతికేటప్పుడు ఎం అండ్ ఈ ఆఫీసర్ అన్న పేరు ఒక్కటే పట్టుకుని కూర్చోకండి. అదే పని డేటా మేనేజర్, ఎంఐఎస్ ఆఫీసర్, స్టాటిస్టికల్ అసిస్టెంట్, ఎంఈఎల్ అసోసియేట్ అన్న పేర్లతోనూ వస్తుంది. సంస్థల సొంత వెబ్‌సైట్లతో పాటు రిలీఫ్‌వెబ్, డెవ్‌నెట్ జాబ్స్ ఇండియా వారానికి రెండుసార్లు చూడండి. ఐక్యరాజ్య సమితి సంస్థలు ఉద్యోగ ఎంపికలో ఏ దశలోనూ రుసుము తీసుకోవు. వాటి పేరు చెప్పి డబ్బు అడిగారంటే అది మోసమే. ప్రభుత్వ నోటిఫికేషన్‌లో రుసుము ఉండవచ్చు. అందులో రాసిన పద్ధతిలోనే, రాసిన పేరు మీదే కట్టాలి.

ప్రభుత్వ పోస్టు అయితే కాగితాలే కీలకం

ఆంధ్రప్రదేశ్ జిల్లా నోటిఫికేషన్లలో తరచూ కనిపించే లెక్క ఇది: 100 మార్కుల్లో 75 అర్హత పరీక్షలో (పోస్టుకు అడిగిన డిగ్రీ లేదా కోర్సులో) వచ్చిన మార్కులకు, 10 వరకు పాసయ్యాక గడిచిన ఏళ్లకు (ఏడాదికి ఒకటి), 15 వరకు ప్రభుత్వంలో చేసిన కాంట్రాక్టు లేదా అవుట్‌సోర్సింగ్ సేవకు. ఆ సేవ గిరిజన ప్రాంతంలో అయితే ఆరు నెలలకు 2.5, గ్రామీణ ప్రాంతంలో 2, పట్టణంలో 1. ఇలాంటి చోట మీ రెజ్యూమె ఎంత అందంగా ఉన్నా ఒక్క మార్కు రాదు. మార్కులు తెచ్చేది సర్వీస్ సర్టిఫికెట్. అది నోటిఫికేషన్‌లో ఇచ్చిన నమూనాలోనే ఉండాలి, సంతకం అధీకృత అధికారిదే అయ్యుండాలి, పనిచేసిన ప్రాంతం గిరిజనమా గ్రామీణమా అన్నది స్పష్టంగా రాసి ఉండాలి. ఆ ఒక్క మాట లేకపోతే రావాల్సిన వెయిటేజీ పోయే ప్రమాదం ఉంది.

మార్కుల మెమోలు అన్ని సంవత్సరాలవీ పెట్టండి. చివరి ఏడాదిది ఒక్కటే పెడితే మొత్తం మార్కులు లెక్కించడం కుదరదు. స్థానికత కోసం తెలంగాణలో 1 నుంచి 7వ తరగతి వరకు, ఆంధ్రలో చాలా నోటిఫికేషన్లలో 4 నుంచి 10 వరకు స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. బడి మూతపడి ఉంటే ప్రత్యామ్నాయ పత్రం తెచ్చుకోవడానికి సమయం పడుతుంది, కాబట్టి నోటిఫికేషన్ రాకముందే ఆ పని మొదలుపెట్టండి.

అనుభవం లేకపోతే ఆధారం తయారు చేసుకోండి

ఇది చాలామంది వదిలేసే మెట్టు. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మీ జిల్లా ఫ్యాక్ట్ షీట్ ఉచితంగా దొరుకుతుంది. అందులో టీకాల శాతాన్ని, అదే కాలానికి హెచ్‌ఎంఐఎస్ పోర్టల్‌లో (ఆరోగ్య కేంద్రాలు తాము అందించిన సేవల లెక్కలు నెలనెలా ఎక్కించే ప్రభుత్వ వెబ్‌సైట్) మీ జిల్లా అంకెను పక్కపక్కన పెట్టి రెండు పేజీల నోట్ రాయండి. రెండూ కలవకపోవచ్చు. ఎందుకు కలవలేదో రాయడంలోనే మీ పనితనం తెలుస్తుంది. సర్వే 12–23 నెలల పిల్లల ఇళ్లకు వెళ్లి కార్డు చూస్తుంది, తల్లిని అడుగుతుంది. హెచ్‌ఎంఐఎస్‌లో సేవ ఎక్కడ అందితే అక్కడ లెక్క పడుతుంది, భాగించే సంఖ్య అంచనాతో వేసినది. పుట్టింటికి వెళ్లిన తల్లి బిడ్డకు అక్కడే టీకా వేయిస్తే ఒక జిల్లా అంకె పెరుగుతుంది, ఇంకో జిల్లాది తగ్గుతుంది.

దానితో పాటు ఫోన్‌లో సర్వే ఫారాలు నింపడానికి వాడే కోబో టూల్‌బాక్స్‌లో 12 ప్రశ్నల ఫారం ఒకటి తయారు చేయండి. వయసు గడిలో 200 కొడితే ఒప్పుకోకూడదు. పిల్లలు లేని ఇంట్లో టీకా ప్రశ్న రాకూడదు. నమూనా డేటాలో నిజమైన వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు పెట్టకండి. అభ్యర్థి గోప్యత పాటిస్తాడా లేదా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

రెజ్యూమె, లేఖ

రెజ్యూమె రెండు పేజీలు దాటొద్దు. ఉద్యోగ వివరణలో తప్పనిసరి అన్నవి ఒక కాగితం మీద ఎడమవైపు రాసుకుని, ఒక్కోదానికి ఎదురుగా మీ రుజువు రాయండి. ఎదురుగా ఖాళీ మిగిలితే ముందు దాని సంగతి చూడండి. ప్రభుత్వంలో అయితే ఒక్క తప్పనిసరి అర్హత లేకపోయినా పరిశీలనలోనే ఆగిపోతుంది.

“డేటా సేకరణలో, విశ్లేషణలో అనుభవం ఉంది” అన్న వాక్యం వల్ల ఉపయోగం లేదు. ఇలా రాయండి: “24 సబ్ సెంటర్ల నెలవారీ రిపోర్టులను రిజిస్టర్లతో పోల్చాను. 5 చోట్ల ఒకే బిడ్డను రెండుసార్లు లెక్కించినట్టు తేలింది. ట్యాలీ షీట్ మార్పించాక ఆ తేడా తగ్గింది.” ఎంత చూశారు, ఏం దొరికింది, దానివల్ల ఏం మారింది – మూడూ ఉండాలి. అంకెలు మాత్రం మీవే కావాలి. ఇంటర్వ్యూలో తవ్వేది ఆ వాక్యాన్నే.

లేఖ ఒక పేజీ. ఆ సంస్థ ఆ జిల్లాలో చేస్తున్న కార్యక్రమం ఏమిటి, దాని కొలతలో మీకు కనిపించే ఇబ్బంది ఏమిటి, మీరు దాన్నెలా పట్టుకుంటారు అన్నది రాస్తే చాలు.

రాత పరీక్ష

సంస్థల్లో తరచూ ఒక ఎక్సెల్ ఫైలు ఇస్తారు. డూప్లికేట్లు తీయడం, ఒకే ఊరి పేరు నాలుగు రకాలుగా ఉంటే సరిచేయడం, పివట్ టేబుల్, రెండు షీట్లను కలపడం చేతికి అలవాటై ఉండాలి. అసలు ఫైలును ముట్టుకోకుండా కాపీలో పనిచేయండి, ఏం మార్చారో విడిగా ఒక షీట్‌లో రాయండి. చాలామంది ఇక్కడే జారిపోతారు. జవాబు సరైనదే అయినా ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు.

అసలు పరీక్ష అంకెల వెనక ఉంటుంది. ఉదాహరణకు, ఒక పీహెచ్‌సీలో పల్స్ పోలియో లక్ష్యం 2,400 మంది పిల్లలు. చుక్కలు వేసినట్టు రిపోర్టు 2,520. అంటే 105 శాతం. ఇంటింటి తనిఖీలో 40 మందిని చూస్తే 34 మందికే ఎడమ చిటికెన వేలిపై గుర్తు ఉంది. వాడిన సీసాలు 110.

“లక్ష్యం మించారు” అని రాస్తే అక్కడితో అయిపోయినట్టే. లక్ష్యం సంఖ్య పాతదై ఉండవచ్చు, బస్టాండు దగ్గర బయటి ఊరి పిల్లలకూ వేసి ఉండవచ్చు. ఈ రెండింటివల్ల 100 శాతం దాటడం సహజమే. కానీ సీసాకు 20 డోసులు, 110 సీసాలంటే 2,200 డోసులు. 2,520 మందికి ఎలా వేశారు? ఒక్కో సీసాలో ఒకటి రెండు డోసులు ఎక్కువ వచ్చినా 320 డోసుల తేడా పూడదు. అంటే ట్యాలీ షీట్ల కూడికలో తప్పయినా జరిగి ఉండాలి, సీసాల లెక్కయినా తప్పి ఉండాలి. మీ జవాబులో బృందాల వారీగా షీట్లు తిరిగి కూడటం, స్టాక్ రిజిస్టర్ చూడటం, గుర్తు లేని ఆరుగురూ ఒకే వాడలో ఉంటే ముందు అక్కడికి బృందాన్ని పంపించడం ఉండాలి. ఇంకొకటి: ఆ 40 మందిని యాదృచ్ఛికంగా ఎంచారని ఎక్కడా చెప్పలేదు కాబట్టి 85 శాతాన్ని పీహెచ్‌సీ మొత్తానికి అంటగట్టకూడదు. ఈ మాట రాసినవాళ్లు వెంటనే వేరుగా కనిపిస్తారు.

బోదకాలు కార్యక్రమంలోనూ ఇదే పద్ధతి. ఊరి జనాభా 1,000, అర్హులు 900, మాత్రలు అందుకున్నవాళ్లు 810, కళ్లెదుట మింగినవాళ్లు 600 అనుకోండి. పంపిణీ లెక్కన 90 శాతం. మొత్తం జనాభాలో మింగినవాళ్లు 60 శాతమే, కావాల్సింది కనీసం 65. ఏ అంకెను దేనితో భాగించారో ప్రతిసారీ రాయండి.

ఇంటర్వ్యూ

ఇంట్లోవాళ్లను తెలుగులో ఎలా అడుగుతారో చెప్పమనవచ్చు. “మాత్రలు వేసుకున్నారా?” అంటే మర్యాదకైనా అవునంటారు. “మొన్న ఆశా వచ్చినప్పుడు ఏం ఇచ్చిందమ్మా? ఎన్ని? ఆవిడ ఉండగానే మింగారా, తర్వాత వేసుకుందామని పెట్టుకున్నారా?” అని అడిగితే నిజం బయటికొస్తుంది. టీకాల విషయంలో ముందు కార్డు చూపించమనండి.

ఆశా తప్పు అంకె ఇస్తే ఏం చేస్తారన్న ప్రశ్నా ఎదురవుతుంది. మెమో ఇప్పిస్తానన్న జవాబు బలహీనమైనది. పైనుంచి లక్ష్యం ఒత్తిడి ఉందా, ఫారం అర్థం కాలేదా, ఒకే రోజు మూడు రిపోర్టులు అడిగారా అన్నది ముందు తెలుసుకోవాలి. తిట్టిన చోట మరుసటి నెల నుంచి అందమైన అంకెలు వస్తాయి తప్ప నిజమైనవి రావు.

ఎంపికయ్యాక సంతకం చేసేముందు కాంట్రాక్టు ఎంతకాలం, ప్రాజెక్టు నిధులు ఎప్పటిదాకా, నెలలో ఎన్ని రోజులు క్షేత్రంలో తిరగాలి, ప్రయాణ భత్యం జీతంలోనే కలిసి ఉందా విడిగా ఇస్తారా అన్నది రాతపూర్వకంగా అడగండి. ఏజెన్సీ మండలాల్లో తిరిగే పోస్టయితే ఆ భత్యం జీతంలో చెప్పుకోదగ్గ భాగమవుతుంది.