ఎస్‌యూవీ కొనేముందు సర్వీస్ సెంటర్‌కి వెళ్లి చూడండి

షోరూమ్‌లో ఏ బండైనా బాగానే కనిపిస్తుంది. కొన్నాక పార్టు దొరక్క బండి వారాల తరబడి షెడ్డులో ఉండిపోతేనే అసలు టెన్షన్. అందుకే టెస్ట్ డ్రైవ్ కంటే ముందు, మీ ఇంటికి దగ్గరున్న ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఒక గంట గడపండి. శనివారం పొద్దున అయితే రద్దీ ఎక్కువ, పనితీరు బాగా తెలుస్తుంది.

మీరు అనుకుంటున్న మోడలే వాడుతున్న నలుగురైదుగురిని పలకరించండి. 50,000 కిలోమీటర్లు దాటినవాళ్లయితే మరీ మంచిది. ముందు చెప్పిన ఖర్చుకీ చివరి బిల్లుకీ తేడా ఎంత, బండి చెప్పిన రోజుకే ఇచ్చారా అని అడగండి. తర్వాత పార్ట్స్ కౌంటర్‌లో హెడ్‌లైట్, ముందు బంపర్, క్లచ్ సెట్ ధరలు కనుక్కోండి. స్టాకులో ఉన్నాయా, తెప్పించాలా? తెప్పించాలంటే ఎన్ని రోజులు? అన్నీ రాసుకోండి. వెనకవైపు కూడా ఓ చూపు వేయండి. దుమ్ము పట్టి, బానెట్ తెరిచి, టైర్లలో గాలి తగ్గిన బండ్లు నాలుగైదు కనిపిస్తే వాటి సంగతి తప్పకుండా అడగండి.

కొత్తగా వచ్చిన మోడల్‌కి మాత్రం ఇది పనికిరాదు. అరుగుదల మొదలవ్వని బండిని ఎవరైనా మెచ్చుకుంటారు. దానికైతే కనీసం ఏడాది ఆగడమే నయం.