కింద ఎగిరే హెలికాప్టర్‌కు కరెంటు తీగల గండం: బయల్దేరే ముందు జాగ్రత్తలు

చంద్రగిరి కొండల పక్కనో, చిత్తూరు మామిడి తోటల మీదో కిందికి దిగి ఎగరాల్సిన పని ఉంటే, రేణిగుంటలో ఇంజను స్టార్ట్ చేయకముందే ఇవి తేల్చుకోండి.

☐ పెద్ద టవర్ లైన్లు, రైల్వే కరెంటు లైను మ్యాపులో గుర్తు పెట్టండి. బోర్లకు వెళ్లే 11 కేవీ తీగల సంగతి మాత్రం ఆ ఊరి లైన్‌మన్‌నే అడగాలి.

☐ దిగే ముందు ఎత్తులోంచి ఒక చుట్టు చూడండి. కళ్లు స్తంభాలను వెతకాలి. పాతబడ్డ అల్యూమినియం తీగ బూడిద రంగుకు తిరిగి బండరాళ్లలో కలిసిపోతుంది, దగ్గరికొచ్చినా కనబడదు. స్తంభం మీది పింగాణీలను బట్టి తీగ ఎటు పోతోందో తెలుస్తుంది. స్తంభాన్ని నేలకు లాగిపట్టే ఏటవాలు తీగ (స్టే వైరు) ఉందంటే సాధారణంగా అక్కడ లైను మలుపు తిరుగుతోంది, లేదా ఆగిపోతోంది. కొండ మీద ఒంటరి టవర్ కనబడితే లోయకు అడ్డంగా తీగ ఉన్నట్టే లెక్క.

☐ లైను దాటేది టవర్ నెత్తి మీదుగానే. అన్నిటికంటే పైన ఉండే ఎర్త్ వైరు సన్నం. లావు తీగలను తప్పించబోయి పైకి లేస్తే తగిలేది అదే.

☐ 60 నాట్ల వేగమంటే సెకనుకు సుమారు 31 మీటర్లు. వంద మీటర్లలో తీగ కనబడితే మిగిలేది మూడు సెకన్లు.

☐ తగిలిన తీగను కోయడానికి హెలికాప్టర్‌కు ముందు బిగించే వైర్ కట్టర్లను నమ్ముకోవద్దు. తీగ ఎదురుగా, తగినంత వేగంలో తగిలితేనే కోస్తాయి. తోక రోటర్‌ను కాపాడవు.

☐ విండ్‌షీల్డ్ తుడవండి. పొద్దుకు ఎదురుగా దిగకండి.

☐ తీగ ముందు చూసినవాళ్లు వెంటనే దిక్కుతో సహా గట్టిగా చెప్పాలని సిబ్బందితో మాట్లాడుకోండి. తీగ ఉందని తెలిసీ, పనిలో పడి మరిచిపోయి గుద్దుకున్న పైలట్లు ఎందరో. గాల్లో దారి మారిస్తే మళ్లీ పైకెళ్లి చూసుకున్నాకే దిగండి.