నలభై దాటాక తొలి జీన్స్: కొనే ముందు చూడవలసినవి

ఇరవై ఏళ్లుగా చీరలు, చుడీదార్లు, ఈ మధ్య లెగ్గింగులు తప్ప వేరే ఎరుగని వారు జీన్స్ కొనబోతే మొదట తికమక పెట్టేది కొలత. చీరకు కొలతే అక్కరలేదు, పైజామాకు నాడా ఉంటుంది, లెగ్గింగు ఎటైనా సాగుతుంది; జీన్స్ మాత్రం నడుముకూ తుంటికీ తొడలకూ ఒకేసారి సరిపోవాలి. అందుచేత నల్లగొండ క్లాక్ టవర్ సెంటరుకు వెళ్లినా, హైదరాబాదు మాల్‌కు వెళ్లినా, ముందుగా ఇంట్లోనే టేపుతో నడుమును, తుంటి బాగా వెడల్పుగా ఉన్న చోటును అంగుళాల్లో కొలిచి రాసుకోవాలి. ఒక కంపెనీ 32 మరో కంపెనీ 34కు సమానం కావడం మామూలే కనుక, చీటీ మీది అంకెను చూసి నొచ్చుకోకుండా ఒకే రకంలో రెండు సైజులు ట్రయల్ రూములోకి తీసుకువెళ్లాలి.

తొడల మధ్య కుట్టు నుంచి నడుము పట్టీ వరకు ఉండే ఎత్తును రైజ్ అంటారు. చీరను బొడ్డు దగ్గర కట్టుకునే అలవాటున్న వారికి హై రైజ్ త్వరగా ఒంటికి అలవాటవుతుంది; లో రైజ్ వేసుకుంటే వంగిన ప్రతిసారీ వెనుక కుర్తీ సర్దుకోవలసిందే. తుంటి నుంచి తిన్నగా దిగే స్ట్రెయిట్ రకం పొడవాటి కుర్తీ కింద కూడా ఒదుగుతుంది.

నిలబడి అద్దంలో చూసుకున్నంత మాత్రాన తేలదు. కూర్చోవాలి, వంగాలి, వీలైతే అక్కడే నేల మీద సక్లం ముక్లం వేసుకోవాలి. వ్రతానికో బంతి భోజనానికో కింద కూర్చునే మనకు ఇంతకంటే నమ్మకమైన పరీక్ష లేదు. గుండీ పొట్టలో గుచ్చుకుంటే పై సైజు చూడాలి. తుంటికి సరిపోయి నడుము వెనుక నాలుగు వేళ్లు దూరేంత ఖాళీ మిగిలితే వదిలేయనక్కరలేదు, దర్జీ వెనుక మధ్య కుట్టు విప్పి పట్టీతో సహా లోపలికి తీస్తాడు. తుంటి దగ్గరే బిగుతైతే అతడు చేయగలిగింది పెద్దగా ఉండదు, ఎందుకంటే కుట్టు లోపల అంత బట్ట మిగలదు.

మన ఎండలకు మందపాటి డెనిమ్, అంటే జీన్స్ కుట్టే బట్ట, శిక్షే. పలుచని బట్టలో, నూటికి ఒకటి రెండు పాళ్లు ఎలాస్టేన్ అనే సాగే పోగు కలిసినది తీసుకుంటే మోకాలు మడిచినప్పుడు పట్టేయదు. అది ఇంకా ఎక్కువైతే మళ్లీ లెగ్గింగు కొన్నట్లే.

రంగు సంగతి నేను నష్టపోయి తెలుసుకున్నాను. డెనిమ్‌లో నిలువు పోగుకు నీలిమందు పట్టిస్తారు, అడ్డంగా నేసే పేక తెల్లగా ఉంటుంది; ఆ నీలం నూలు లోపలి దాకా ఇంకకుండా పైపైనే ఉంటుంది కనుక రాపిడికి రాలుతుంది. కొత్త ముదురు నీలం జీన్స్ మీద గంధం రంగు పోచంపల్లి ఇక్కత్ కుర్తీ వేసుకుని, ఉక్కపోతలో హైదరాబాదు బస్సెక్కాను. దిగేసరికి కూర్చున్న మేర కుర్తీ నీలంగా మారింది, ఎన్ని ఉతుకులకూ ఆ మరక పోలేదు. తొలి రెండు మూడు సార్లు తిరగేసి, చన్నీటిలో విడిగా ఉతికిన తరువాతే లేత రంగులతో వేసుకోవాలి. పొడవు తగ్గించే పని కూడా ఒక ఉతుకు తరువాతే పెట్టుకోవాలి, లేకుంటే బట్ట కుంచించుకుని మడమ పైకి పోతుంది.