గీజరు బిగించే ముందు ఎర్తింగు చూసుకోండి

గీజరు, వాషింగ్ మెషీన్ వంటి, బయటి భాగం లోహంతో చేసిన పరికరాలకు ఎర్తింగు (లీకైన కరెంటును భూమిలోకి పంపే తీగ ఏర్పాటు) తప్పనిసరి. చతురస్రంలో చతురస్రం గుర్తున్న డబుల్ ఇన్సులేషన్ (కరెంటు తగలకుండా రెండు పొరల రక్షణ) వస్తువులకు అక్కర్లేదు.

సాకెట్‌లో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన ఎర్తింగు ఉన్నట్టు కాదు. చాలా పాత ఇళ్లలో దాని వెనుక ఆకుపచ్చ ఎర్త్ తీగే కనిపించదు. అందుచేత మెయిన్ ఆపించి, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత సాకెట్ విప్పించి, ఆ తీగ ఎర్త్ గుంత వరకూ తెగకుండా వెళ్తోందో లేదో పరీక్ష చేయించాలి. తీగ లేదు కదా అని న్యూట్రల్‌నే (కరెంటు తిరిగి వెళ్లే తీగనే) ఎర్త్ పిన్నుకు కలుపుతామంటే దయచేసి ఒప్పుకోకండి. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే గీజరు బయటి లోహపు భాగానికే 230 వోల్టుల కరెంటు వస్తుంది. నీళ్ల గొట్టానికి కలపడమూ ప్రమాదమే.

స్నానాల గది లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించి, టెస్ట్ బటన్ నొక్కగానే అది ట్రిప్ అవుతోందో లేదో చూసుకున్నాకే గీజరు స్విచ్ వేయండి.