కీమో నడుస్తున్న రోజుల్లో ఉపవాసం ఉండాలనుకుంటే

మా అమ్మకు మూడో కీమో కార్తీక మాసంలో పడింది. ఏటా సోమవారాలు చుక్కలు చూసేదాకా ఏమీ ముట్టని మనిషి, ఆ ఏడు కూడా మానేది లేదని పట్టుబట్టింది. అదే వారం విజయవాడ నుంచి ఒక బంధువు, ఉపవాసంతో క్యాన్సర్ కణాలు మాడి చచ్చిపోతాయని, ఆ సంగతి కనిపెట్టినందుకే నోబెల్ ఇచ్చారని చెప్పే వీడియో పంపారు. గుంటూరులో మా ఇంటిల్లిపాదీ తడబడ్డాం. అప్పుడు తెలుసుకున్నవీ, చేసినవీ ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా వీడియో సంగతి తేల్చుకోవాలి. 2016లో జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒహ్సుమికి నోబెల్ వచ్చిన మాట నిజమే. కణం తనలోని భాగాలను తానే విడగొట్టుకుని తిరిగి వాడుకునే ఆటోఫాగీ ఎలా జరుగుతుందో ఈస్ట్ కణాల్లో కనిపెట్టినందుకు ఆ బహుమతి ఇచ్చారు. ఉపవాసం క్యాన్సర్‌ను నయం చేస్తుందని ఆయన నిరూపించలేదు.

పరిశోధకులు అడుగుతున్న ప్రశ్న అంతకంటే చిన్నది. ఆహారం అందనప్పుడు రక్తంలో ఇన్సులిన్, కణాల ఎదుగుదలకు తోడ్పడే ఐజీఎఫ్-1 అనే హార్మోను తగ్గుతాయి. మంచి కణాలు ఎదుగుదల ఆపి తమను తాము కాపాడుకునే స్థితిలోకి వెళతాయి, క్యాన్సర్ కణాలు మాత్రం ఆ సంకేతాన్ని పట్టించుకోకుండా పెరగడానికే చూస్తాయి. కనుక కీమోకు ముందు కొద్ది రోజులు తిండి తగ్గిస్తే మందు దెబ్బ మంచి కణాలకు తగ్గుతుందా అన్నది ప్రశ్న. 2008లో అమెరికాలో వాల్టర్ లోంగో బృందం ఎలుకల్లో అలా జరుగుతుందని చూపింది. మనుషుల విషయంలో, 131 మంది రొమ్ము క్యాన్సర్ రోగులతో నెదర్లాండ్స్‌లో జరిపిన అధ్యయనం 2020లో వెలువడింది. కీమోకు ముందు మూడు రోజులు, కీమో రోజున చాలా తక్కువ కేలరీల ఆహారం తీసుకున్నవారిలో కణితి తగ్గడం స్కాన్లలో కొంత మెరుగ్గా కనిపించింది కానీ, తీవ్రమైన దుష్ప్రభావాల్లో తేడా రాలేదు, పైగా చాలామంది అన్ని విడతలూ పాటించలేకపోయారు. ఇది ఆశ కలిగించే ఆరంభమే తప్ప ఇంట్లో మనంతట మనం మొదలుపెట్టదగిన వైద్యం కాదు.

కాబట్టి మొదట చేయవలసింది బరువు చూడటం. ప్రతి కీమోకు ముందు ఒకే యంత్రం మీద తూచి, తేదీతో నోటుపుస్తకంలో రాయండి. ఆరు నెలల్లో బరువు నూటికి అయిదు వంతులు, అంటే అరవై కిలోల మనిషికి మూడు కిలోలు, దానంతటదే తగ్గిందంటే ఉపవాసం ఊసే ఎత్తకూడదు. మా అమ్మ విషయంలో అంకె కంటే ముందు గాజులే చెప్పాయి. మణికట్టు దగ్గర నిలిచే గాజులు చెయ్యి ఎత్తితే మోచేతి దాకా జారుతున్నాయి. అది కండ కరిగిపోవడం, కరిగిన కండ అంత తేలిగ్గా తిరిగి రాదు.

తర్వాత మందుల చీటీ తీసుకుని, కీమో రోజుకు ముందే డాక్టరు గారిని కలవండి. షుగరుకు ఇన్సులిన్ గానీ కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవారికి తిండి మానితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. కేపసిటబిన్ అనే కీమో మాత్రలు భోజనమయ్యాక అరగంటలోపు వేసుకోవాలి. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించుకునేవారికి ఒంట్లో నీరు తగ్గితే మూత్రపిండాలు దెబ్బతింటాయి కనుక, నీళ్లు కూడా ముట్టని ఉపవాసం వారికి మరీ ప్రమాదం. వీటన్నిటినీ ఆయన ముందు పెట్టి, ఎన్ని గంటలు, ఏమి తాగవచ్చు, ఏ మందు ఎప్పుడు అని విడివిడిగా అడిగి రాయించుకోండి. వద్దంటే మానేయండి. సరే అన్నా రోగిని ఒంటరిగా వదలకండి. చెమటలు, వణుకు, మాట తడబడటం కనిపిస్తే వెంటనే ఉపవాసం విరమింపజేసి ఆసుపత్రికి ఫోన్ చేయండి. ఉపవాసం ఉన్నా లేకున్నా, జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఉపవాసం లేని రోజుల్లో తిండే ముఖ్యం. కిలో బరువుకు రోజుకు ఒకటి నుంచి ఒకటిన్నర గ్రాముల మాంసకృత్తులు అందాలి. గుడ్డులో సుమారు ఆరు గ్రాములుంటాయి. పెసరట్టు, ముద్దపప్పు, పెరుగు కొద్దికొద్దిగా ఆరుసార్లు పెట్టవచ్చు. నోరు పూసినప్పుడు మన గుంటూరు కారం పక్కన పెట్టి, చల్లారిన రాగి జావ ఇవ్వండి.

వ్రతం సంగతి మాత్రం శాస్త్రం పేరుతో తెగదు. "ఆతురే నియమో నాస్తి", అంటే రోగికి నియమాలు లేవని మన పెద్దలే అన్నారు. రంజాన్ ఉపవాసాల్లోనూ రోగికి మినహాయింపు ఉంది. మా ఇంటి పురోహితుల చేతే అమ్మకు ఆ మాట చెప్పించాం. ఆ సోమవారం ఆమె వేళకు తిన్నది, సాయంత్రం మాత్రం గుడికి వెళ్లలేక తులసికోట దగ్గరే కుర్చీ వేసుకుని దీపం పెట్టింది.