జావాస్క్రిప్ట్ పాఠాలు – 8: ఆ ఆర్గ్యుమెంట్స్ ఎవరివి?

ఈసారి డీఫాల్ట్ విలువల గురించి చెప్పాలి. కానీ పోయిన పాఠం అభ్యాసం చేసి పంపినవాళ్లలో చాలామంది ఒకేచోట తడబడ్డారు: ఆర్గ్యుమెంట్స్ దగ్గర, అంటే ఫంక్షన్‌ను పిలిచేటప్పుడు పంపిన విలువలన్నీ ఉండే పేరు దగ్గర. అది తేలకుండా ముందుకు వెళ్లి లాభం లేదు.

లెక్క గుర్తుందిగా. దామలచెరువు మండీకి ఒక రైతు తోతాపురి మామిడికాయలు తోలుతున్నాడు. ఒకరోజు మూడు లోడ్లు, ఇంకోరోజు ఏడు. ఎన్ని తూకాలు ఇచ్చినా కూడి చెప్పే ఫంక్షన్ కావాలి. మొత్తం(4, 6, 5) అని పిలిస్తే 15 టన్నులు రావాలి. (పేర్లు తెలుగులో పెట్టినా జావాస్క్రిప్ట్ ఒప్పుకుంటుంది.)

ఒక్కో విలువనూ వరుసగా తీసుకునే ఫర్‌ఈచ్ వాడి 'నాట్ ఎ ఫంక్షన్' అనే ఎర్రర్ చూసినవాళ్లకు ఒక్క మాట: ఆర్గ్యుమెంట్స్ అరేలా (విలువల వరుస జాబితాలా) కనిపిస్తుంది గానీ అరే కాదు. లెంగ్త్ ఉంటుంది, [0], [1] పనిచేస్తాయి, మ్యాప్, రెడ్యూస్ (అన్నిటినీ కలిపి ఒక్క విలువగా చేసేది) లాంటివి ఉండవు. అరే.ఫ్రమ్(ఆర్గ్యుమెంట్స్) అని మార్చుకోండి, సరిపోతుంది.

అసలు గొడవంతా యారో ఫంక్షన్‌తోనే, అంటే => గుర్తుతో రాసేదానితోనే. పొట్టిగా ఉంటుందని చాలామంది 'మొత్తం'ను యారోగా రాశారు. యారోకు సొంత ఆర్గ్యుమెంట్స్ ఉండదు. తన చుట్టూ ఏ మామూలు ఫంక్షన్ ఉంటే దానిది వాడుకుంటుంది. చుట్టూ ఏదీ లేకపోతే బ్రౌజర్ 'ఆర్గ్యుమెంట్స్ ఈజ్ నాట్ డిఫైన్డ్' అంటుంది. ఆ ఎర్రర్ వచ్చినవాళ్లు నయం, తప్పెక్కడుందో వెంటనే తెలిసింది.

నోడ్‌లో (బ్రౌజర్ లేకుండా జావాస్క్రిప్ట్ నడిపేది) ఫైళ్లను కలిపే పాత పద్ధతి కామన్‌జేఎస్ ఫైల్‌గా నడిపినవాళ్లకు ఎర్రరే రాలేదు. ఎన్ని తూకాలు పంపినా లెంగ్త్ 5 అనే వచ్చింది. నోడ్ అలాంటి ప్రతి ఫైల్‌నూ ఒక ఫంక్షన్‌లో చుట్టి నడుపుతుంది. దానికి ఎక్స్‌పోర్ట్స్, రిక్వైర్, మాడ్యూల్, ఫైల్ పేరు, ఫోల్డర్ పేరు పంపుతుంది. మీ యారో ఆ అయిదింటినీ లెక్కపెట్టింది.

ఇంతకన్నా ప్రమాదం ఇంకోటి ఉంది. రైతు బిల్లు తయారుచేసే 'పట్టీ' అనే మామూలు ఫంక్షన్ లోపల, నూటికి అయిదు చొప్పున లెక్కగట్టే 'తరుగు' అనే యారో రాశారనుకోండి. అందులో ఆర్గ్యుమెంట్స్[0] వాడారు. బయట పట్టీ(4, 6, 5), లోపల తరుగు(15). మీరు 15 పంపారు, యారో తీసుకున్నది పట్టీ తాలూకు 4. తరుగు 750 కిలోలు రావాల్సిన చోట 200 కిలోలు వస్తుంది. ఎర్రర్ ఉండదు, ఎర్రగీత ఉండదు. తప్పుడు లెక్క తిన్నగా రైతు బిల్లులోకి పోతుంది. అందుకే దీని మీద ఇంత పట్టుబడుతున్నాను.

నేనైతే కొత్త కోడ్‌లో ఆర్గ్యుమెంట్స్ వాడను. యారోలతోపాటే 2015లో రెస్ట్ పారామీటర్ వచ్చింది. (...తూకాలు) అని రాస్తే వచ్చినవన్నీ నిజమైన అరేలో చేరతాయి, యారోలోనూ పనిచేస్తుంది. ముందు వేరే పేర్లుంటే, (రైతు, ...తూకాలు) లాగా రెస్ట్ చివర్లోనే ఉండాలి. పాత కోడ్ చదవాల్సి వస్తుంది కాబట్టి ఆర్గ్యుమెంట్స్ సంగతి తెలిసుండాలి, అంతవరకే.

అభ్యాసం: 'మొత్తం'ను రెస్ట్, రెడ్యూస్‌లతో తిరగరాయండి. మొత్తం() అని ఖాళీగా పిలిచినా ఎర్రర్ రాకుండా 0 రావాలి. తర్వాత మామూలు ఫంక్షన్‌లో యారో, దానిలో ఇంకో యారో, దానిలో మళ్లీ మామూలు ఫంక్షన్ పెట్టి, నాలుగింటినీ వేర్వేరు అంకెలతో పిలవండి. ఒక్కోచోట ఆర్గ్యుమెంట్స్[0] ఎంతో ముందు కాగితం మీద రాసి, ఆ తర్వాతే నడపండి.